లోహభస్మము – ఉదజని – అనంతపురము

క్రీస్తుశకము 1800 సంవత్సరము రాయలసీమ చరిత్రలో గుర్తుంచుకొనదగినది. ఆ యేడు అక్టోబరు 12వ తేదీన నైజాము ప్రభువు ఈస్టిండియా కంపెనీతో ఒడంబడిక చేసికొని బళ్లారి, అనంతపురము, కడప సీమలను, కర్నూలు సీమలో కొంత భాగమును వారికి వదలివేసెను. దత్తమండలములని పేరుపడిన ఆ ప్రాంతమునకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వరకు ఉండి, పొలములు కొలిపించి శిస్తులు నిర్ణయించెను. అదే యేడు, అంతకు అయిదు నెలలు ముందుగా, మే 2వ తేదీన లండను నగరములో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అను ఇద్దరు మిత్రులు ఒక చిన్న ప్రయోగము చేసి, విద్యుత్తుచేత నీటిని దాని మూల వాయువులుగా విడదీసిరి.

ఈ రెండు సంగతులకును ఆనాడు ఏ సంబంధమును లేదు. నేడు సంబంధము కలిగినది. ఎండకును గాలికిని కొదువలేని అనంతపురపు పీఠభూమివంటి చోట్ల విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతో నీటిని విడదీసి ఉదజని వాయువును తీయవలెనను ఆలోచన దేశమున బలపడుచున్నది. ఆ పనియంతయు లోహభస్మపు పలుచని పూతపై ఆధారపడియున్నది. ఆ పూత కథ ఏమి, దానివలన కరవుసీమకు ఎదురగు ప్రశ్న ఏమి అను సంగతులను ఈ ప్రసంగములో విచారింతము.

ఇటలీ దేశీయుడగు వోల్టా తాను నిర్మించిన విద్యుత్ పేర్పును గూర్చి 1800 మార్చి 20వ తేదీన లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆ వార్త తెలిసిన వెంటనే నికల్సన్, కార్లైల్ వెండి నాణెములను, తుత్తునాగపు బిళ్లలను, ఉప్పునీట తడిపిన అట్టముక్కలను ఒకదానిపై నొకటి పేర్చి తామును అట్టి పరికరమును సిద్ధము చేసికొనిరి. దాని రెండు కొనలనుండి ఇత్తడి తీగెలు తెచ్చి నీటిగొట్టములో ముంచిరి. ఒక తీగె వద్ద ఉదజని బుడగలు లేచెను. రెండవ తీగె వద్ద వాయువు రాలేదు. తీగెయే నల్లబడి, త్రుప్పుపట్టి, తినివేయబడెను. ఇత్తడికి బదులు ప్లాటినపు తీగెలు పెట్టినప్పుడుగాని రెండవ ప్రక్కనుండి ప్రాణవాయువు వెలువడలేదు. నీరు రెండుగా చీలినదని లోకము ఆశ్చర్యపడినది. కాని ఆ ఇత్తడి తీగె చెప్పిన మాటను ఎక్కువమంది చెవిని బెట్టలేదు. నీటిని విడదీయుట అంత కష్టము కాదు. విడదీయు లోహము బ్రతికి బయటపడుట కష్టము. రెండువందల ఇరువదియేండ్లకు పైగా సాగిన పరిశోధనకు ఇదియే మూలసూత్రము.

దీనికి కారణమును కొంచెము విడమరచి చెప్పవలెను. పరిశుద్ధమైన నీటిలో విద్యుత్తు సరిగా ప్రసరింపదు. కనుక అందు కొంత గంధకామ్లమునో, కొంత క్షారమునో కలుపుదురు. అప్పుడు ఋణధ్రువమువద్ద ఉదజనియు, ధనధ్రువమువద్ద ప్రాణవాయువును పుట్టును. ధ్రువములను గూర్చి నేడు శాస్త్రజ్ఞులు వాడు పారిభాషిక పదములు పెక్కు 1834లో ఫారడే వాడుకలోనికి తెచ్చినవే. మనకు కావలసినది ఉదజని. కాని కష్టమంతయు ప్రాణవాయువు పుట్టు ప్రక్కననే యున్నది. ఒక ఉదజని అణువు ఏర్పడుటకు రెండు ఎలక్ట్రానులు చేతులు మారినచో చాలును. ఒక ప్రాణవాయువు అణువు ఏర్పడుటకు నాలుగు మారవలెను, రెండు నీటి అణువులు విడిపోవలెను. కాడికి కట్టిన రెండు ఎద్దులలో ఒకటి చురుకైనది, ఒకటి మందమైనది అయినచో బండి మందమైనదాని నడకనే నడచును. కనుక ఉదజని ఎంత త్వరగా, ఎంత చౌకగా వచ్చుననునది ధనధ్రువపు పలక నిర్ణయించును.

ఆ పలక బ్రతుకు సుఖమైనది కాదు. చుట్టును ఆమ్లము, పైగా అప్పుడప్పుడే పుట్టుచున్న ప్రాణవాయువు. ఇనుము, రాగి, నికెలు మొదలగునవి అచట కరగిపోవును. బంగారము, ప్లాటినము నిలుచునుగాని వాటి వెల సామాన్యమైనది కాదు. పైగా ప్లాటినము నిలిచినను, ప్రాణవాయువును సులువుగా విడువదు. దానికై అధికముగా విద్యుత్తు వ్యయమగును.

అట్లయిన దారి యేది? మన పల్లెలలో ఎల్లరకు తెలిసిన సంగతియే దారి చూపినది. ఇనుము త్రుప్పుపట్టును, రాగి చిలుము పట్టును. త్రుప్పు మరల త్రుప్పుపట్టదు. కాలిన బూడిద మరల కాలదు. లోహము ప్రాణవాయువుతో కూడి ఆక్సైడుగా మారినచో, కావలసినంత ప్రాణవాయువు దానియందే యుండును గనుక, క్రొత్తగా దానిని కాల్చివేయుటకు ఏమియు మిగులదు. మన వైద్యులు లోహములను పుటము పెట్టి భస్మములు చేయుట ఎరిగినదే. ఆ భస్మములన్నియు శాస్త్రరీత్యా ఆక్సైడులు కాకపోవచ్చును. అయినను ఆక్సైడునకు తెనుగున లోహభస్మమను మాట అర్థవంతముగా నున్నది గనుక మేము దానినే వాడుచున్నాము.

అయితే ప్రతి భస్మమును ఈ పనికి పనికిరాదు. పెక్కు లోహభస్మములలో విద్యుత్తు పారదు; మరికొన్ని ఆమ్లములో ఉప్పువలె కరగిపోవును. విద్యుత్తును పారనీయవలెను, ఆమ్లమునకు లొంగరాదు, ప్రాణవాయువును సులువుగా విడువవలెను. ఈ మూడు గుణములును ఒకచోట కూడిన భస్మము సృష్టిలో అరుదు.

మొదటి రెండు గుణములు కలిగిన భస్మము రేడియో గల ఇండ్లకు క్రొత్త చుట్టము కాదు. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లములో ముంచి విద్యుత్తును నిలువచేయు బ్యాటరీని నిర్మించెను. అందలి ధనధ్రువముపై గోధుమవన్నెలో కనబడునది సీసపు భస్మము. విద్యుత్తు ఇంకను చేరని పల్లెలలో వాల్వు రేడియోలు నడచుటకు ఈ బ్యాటరీలే ఆధారమై యుండెను. అవి ఖాళీ అయినప్పుడు పట్టణమునకు మోసికొనిపోయి ఛార్జి చేయించి తెచ్చెడివారు. నేడు ఇండ్లలో ఇన్వర్టరుతో కూడ నుండు బ్యాటరీలలో పెక్కింటియందును ఉన్నది ఆ సీసపు భస్మమే. ఛార్జి నిండిన పిదపను విద్యుత్తు పారుచుండినచో లోపలి నీరు ఉదజనిగను, ప్రాణవాయువుగను చీలి బుడగలై పోవును. అందుచేతనే అట్టి బ్యాటరీలో అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటరు పోయవలసి వచ్చును. అందుచేతనే దానిని గాలి తగులు చోట ఉంచవలయునని చెప్పుదురు. ఆమ్లములో లోహభస్మముతో ఉదజనిని తీయు యంత్రము ఈ విధముగా మన యింటి మూలనే, మనము కోరకయే, కొంచెము కొంచెముగా పనిచేయుచున్నది. సీసపు భస్మమునకు లోటు మూడవ గుణము. అది ప్రాణవాయువును సులువుగా విడువదు. కాలక్రమమున పొడిపొడిగా రాలిపోవును. కనుక ఉదజని పరిశ్రమకు అది చాలలేదు.

తరువాతి పెద్ద అడుగు నూరేండ్లకు పడినది. 1965లో హెన్రీ బీర్ అను ఆవిష్కర్త టైటానియపు రేకుపై రుథీనియపు భస్మమును పూతగా పూయు పద్ధతికి పేటెంటు కోరెను. టైటానియము తనపై తానే ఒక రక్షణపొరను కల్పించుకొని ఆమ్లమునకు లొంగకుండును. పైనున్న పూత విద్యుత్ పనిని నెరవేర్చును. ఇటలీలోని డి నోరా సంస్థ ఆ పలకలను ఉప్పునీటినుండి క్లోరిను తీయు కర్మాగారములలో ప్రవేశపెట్టెను. అంతవరకు వాడుచుండిన గ్రాఫైటు పలకలు నెలనెలకు అరిగిపోయి సన్నబడెడివి. ఈ పలకలు ఏండ్లతరబడి కొలత మారకుండ నిలిచెను. 1971లో మిలాను విశ్వవిద్యాలయమున ట్రసట్టి, బుజాన్కా అనువారు రుథీనియపు భస్మపు స్వభావమును శోధించి వెల్లడించిరి. అప్పటినుండి లోహభస్మపు పలకల విద్య ఒక ప్రత్యేక శాస్త్రశాఖగా పెరిగినది. ప్రాణవాయువును విడుచుటలో రుథీనియపు భస్మము మిక్కిలి చురుకైనది. కాని ఆమ్లములో నిదానముగా కరగిపోవును. దానికి దాయాదియగు ఇరిడియపు భస్మము చురుకున ఒక మెట్టు తక్కువ, ఓర్పున పెక్కు మెట్లు ఎక్కువ. ఆమ్లమార్గములో చివరకు నిలిచినది అదియే.

ఇచట మన దేశపు అనుభవము నొకటి తలచుకొనవలెను. భాక్రా ఆనకట్ట విద్యుత్తుతో నీటిని విడదీసి, ఆ ఉదజనితో ఎరువులు చేయు కర్మాగారము పంజాబులోని నంగల్‌లో 1961లో పనికి వచ్చినది. ఆ కాలమున ప్రపంచములోని పెద్ద కర్మాగారములలో అది యొకటి. అచట అనుసరించినది ఆమ్లమార్గము కాదు, క్షారమార్గము. క్షారములో చౌకయైన నికెలు, ఇనుము నిలుచును గనుక ఇరిడియముతో పనిలేదు. తరువాతి కాలమున చమురునుండి ఉదజని తీయు పద్ధతి అచట ప్రవేశించెను.

చౌకయైన క్షారమార్గము ఉండగా ఆమ్లమార్గముతో పని యేమి అని అడుగవచ్చును. 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచుండిన థామస్ గ్రబ్ ద్రవామ్లమునకు బదులు ఆమ్లగుణము గల పలుచని పొరను వాడవచ్చునని చూపెను. ఉదజనినుండి విద్యుత్తు తీయు అట్టి పరికరములు 1965లో జెమినీ వ్యోమనౌకలలో పనిచేసెను. దానినే వెనుకకు త్రిప్పినచో విద్యుత్తునుండి ఉదజనిని తీయవచ్చును. ఆ పొరకు ఒక ప్రక్క ఇరిడియపు భస్మము, వేరొక ప్రక్క ప్లాటినము. పరికరము చిన్నది, వచ్చు ఉదజని శుద్ధమైనది, అన్నిటికంటె ముఖ్యముగా, విద్యుత్తు క్షణములో హెచ్చి క్షణములో తగ్గినను ఇది తట్టుకొనును. భాక్రా జలవిద్యుత్తు నిలుకడగా వచ్చునది. ఎండ అట్లు కాదు. ఒక మబ్బు తునక అడ్డువచ్చినచో పడిపోవును. గాలి అంతకంటె చపలమైనది. క్షార యంత్రములు అట్టి ఒడిదుడుకులకు కొంత తడబడును. కనుక సూర్యుని, వాయువును నమ్ముకొన్న సీమకు ఆమ్లమార్గము ఆకర్షణీయముగా కనబడుచున్నది.

ఇక అడ్డంకి ఇరిడియపు కొరతయే. 1803లో ఆంగ్లేయుడగు టెనెంట్ కనుగొన్న ఈ లోహము ప్రపంచమంతటను ఏటికి సుమారు 7, 8 టన్నులు మాత్రమే లభించుచున్నది. అందును అధికభాగము దక్షిణాఫ్రికానుండియే వచ్చును. ఒక్క లారీలో పట్టునంత లోహముతో ప్రపంచము తన ఇంధనమంతయు మార్చుకొనజాలదు. చౌకయైన భస్మమునకై అన్వేషణ సాగుచున్నది అందుకే.

ఆ అన్వేషణలో ముందువరుసనున్న వాటిలో ఒకటి తెలుగువారికి చిరపరిచితమైన మాంగనీసు. విజయనగర ప్రాంతమందలి కోడూరులో 1892లో మాంగనీసు త్రవ్వకము ఆరంభమైనది. భారతదేశములో ఈ పరిశ్రమకు అదియే నాంది. భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్మర్ అచటి శిలకు ఆ ఊరి పేరిటనే కోడూరైటు అని నామకరణము చేసెను. ట్రాన్సిస్టరు రేడియోలో వేయు బ్యాటరీని విప్పినచో కనబడు నల్లని పొడిలో ముఖ్యమైనది మాంగనీసు భస్మమే. 2024లో జపానులోని రైకెన్ పరిశోధనాలయమువారు మాంగనీసు భస్మపు కూర్పును సవరించి, ఆమ్లపుపొర గల యంత్రములో చదరపు సెంటీమీటరునకు 200 మిల్లీఆంపియర్ల ప్రవాహమువద్ద 1,000 గంటలు నిలిపిరి. ఇది గొప్ప విజయమే. అయినను 1,000 గంటలనగా 42 దినములు. కర్మాగారమునకు కావలసినది ఏండ్ల ఆయువు, అంతకంటె పెక్కు రెట్లు హెచ్చైన ప్రవాహము. ఇత్తడి తీగె 1800లో వేసిన ప్రశ్న ఇంకను పూర్తిగా తీరలేదు.

ఇప్పుడు అనంతపురమునకు వత్తము. పడమటి కనుమలు నైరృతి మేఘములను ఆపివేయును; ఈశాన్య ఋతుపవనము తీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరానిది. ఏ మబ్బులేమి వేరుసెనగ రైతును వలసకు పంపినదో, ఆ మబ్బులేమియే విద్యుత్ నిపుణులను ఈ సీమకు రప్పించినది. 1990ల నాటికే రామగిరి కొండలపై గాలిమరలు వెలసెను. నంబులపూలకుంటవద్ద 1,500 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము తలపెట్టబడి, అందులో 250 మెగావాట్ల మొదటి భాగము 2016లో పనికి వచ్చినది. ఈ రెండు చోట్లును 2022 ఏప్రిలు నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నవి.

అట్టి క్షేత్రమొకటి తన పూర్తి శక్తిలో సగటున అయిదవ వంతున పనిచేయునని అనుకొందము. ఏటికి సుమారు 263 కోట్ల యూనిట్లు వచ్చును. ఒక కిలో ఉదజనికి 55 యూనిట్లు వ్యయమగునన్నచో, ఆ విద్యుత్తుతో సుమారు 48,000 టన్నుల ఉదజని తీయవచ్చును. ఒక కిలో ఉదజనికి 9 లీటర్ల నీరు కావలెను; ఇది రసాయనశాస్త్రపు లెక్క, బేరమునకు లొంగదు. కనుక 43 కోట్ల లీటర్ల శుద్ధజలము కావలసియున్నది. శుద్ధి చేయుటలో వృథాయగు నీటినికూడ చేర్చి దీనిని రెట్టింపు అనుకొన్నచో 86 కోట్ల లీటర్లు. యంత్రములను చల్లబరచుటకు వలయు నీరు వేరు.

ఈ సంఖ్యను రెండు విధముల కొలువవచ్చును. వరిమడికి పైరు కాలములో 1,200 మిల్లీమీటర్ల నీరు కట్టుదుమన్నచో, 86 కోట్ల లీటర్లతో సుమారు 180 ఎకరములు మాత్రమే పండును. ఇంత పెద్ద పరిశ్రమకు ఇది స్వల్పమే అని ఒకరు అందురు, అది నిజమే. మనిషికి దినమునకు 55 లీటర్లు అను గ్రామీణ ప్రమాణముతో చూచినచో, అదే నీరు సుమారు 43,000 మందికి ఏడాది పొడుగున సరిపోవును. ఒక పట్టణపు నీరు పోయినది గదా అని వేరొకరు అందురు; అదియు నిజమే. ఏ లెక్క సరియైనదో ఆ నీరు ఎచటినుండి తీయబడునో దానిని బట్టి యుండును. బోరుబావులనుండి తీసినచో రెండవ లెక్కయే సరియైనది. ఏలయన వేసవిలో ఆ బావులను నమ్ముకొన్నది బిందె పట్టుకొన్న ఇల్లాలు.

బోరునీటితో మరియొక చిక్కున్నది. బ్యాటరీలో కుళాయినీరు పోయరాదని ఎల్లరు ఎరుగుదురు. ఆ నీటిలోని లవణములు పలకలను చెరచును. ఆమ్లపుపొర గల యంత్రము అంతకంటె సుకుమారమైనది. నీటిలోని కాల్షియము, ఇనుము మొదలగునవి పొరలో చేరి దాని శక్తిని హరించును. అనంతపురపు భూగర్భజలము పెక్కుచోట్ల ఉప్పుతో, ఫ్లోరైడుతో కూడినది. శుద్ధి తప్పదు, శుద్ధి చేసిన పిదప మిగులు ఉప్పునీరు ఎచటికి పోవును? చెరువులోనికి పంపినచో చెరువు చెడును, నేలలోనికి వదలినచో ప్రక్క బావి చెడును. పలక ఆయువును కాపాడుటకు మనము నీటిని శుద్ధి చేయుదుము. ఆ మాలిన్యమును పొరుగువాని బావికి అప్పగించుట న్యాయము కాదు.

2023 జనవరి 4వ తేదీన కేంద్ర మంత్రివర్గము జాతీయ హరిత ఉదజని పథకమును 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించినది. 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నులు లక్ష్యము. ఆంధ్రప్రదేశములో అనకాపల్లి జిల్లా పూడిమడకవద్ద హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. అది సముద్రతీరము. అచటి యంత్రములకు ఇచటి విద్యుత్తును తీగెలమీద పంపవచ్చును. సముద్రపు నీటిని శుద్ధిచేసి వాడుకొనవచ్చును. అట్లు చేసినచో పీఠభూమి నీరు పీఠభూమికి మిగులును. కాని కర్మాగారము తీరమున వెలసినచో ఉద్యోగములు, పనితనము, ఆ చుట్టును పెరుగు వర్తకము కూడ తీరముననే వెలయును; ఎండలో భూములిచ్చిన పల్లెకు దక్కునది తీగెల నీడ. ఈ రెండింటిలో ఏదియు తేలికగా త్రోసివేయదగినది కాదు.

పట్టణముల మురుగునీటిని శుద్ధిచేసి వాడుట మూడవ మార్గము. అనంతపురము, హిందూపురము, ధర్మవరము, తాడిపత్రి వంటి ఊళ్లలో వాడిన నీరు దినదినమును కాలువల పాలగుచున్నది. దానిని యంత్రము త్రాగగలుగునట్లు చేయుట వ్యయముతో కూడినదే. అయినను ఏ బిందెనుండియు లాగికొన్నది కాదు. పీఠభూమిమీదనే ఉదజని తీయవలసివచ్చినచో ఈ నీటితో తీయుట మేలని మా అభిప్రాయము.

మన పూర్వులు నీటి విషయమున లెక్క తప్పినవారు కారు. పొరుగుననున్న కడప జిల్లాలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనము మంచి చెరువునకు 12 అంగములు ఉండవలెనని చెప్పి, దోషములనుకూడ వేరుగా పేర్కొన్నది. చెరువు త్రవ్వించువాడు ముందుగా నేలను, నీటిని, కట్టను, తూమును విచారించవలెనని దాని తాత్పర్యము. ఉదజని యంత్రమునకును అట్టి విచారణ తగును. పలకపై పూసిన భస్మమేది? అది ఎన్ని గంటలు నిలిచినట్లు రుజువైనది? ఒక కిలో ఉదజనికి నీరెంత, అది ఎచటిది? మిగిలిన ఉప్పునీరు ఎచటికి పోవును? కర్మాగారము పెట్టవచ్చిన వారిని గ్రామసభలో ఈ నాలుగు ప్రశ్నలు అడుగుటకు రసాయనశాస్త్ర పట్టము అక్కరలేదు. ఒకప్పుడు మన్రో దొర మనుష్యులు గొలుసులు పట్టుకొని వచ్చి రైతు పొలమును కొలిచి శిస్తు చెప్పిపోయిరి. ఈమారు కొలతగొలుసు రైతు చేతిలోనే ఉండవలెను. కొలువబడునది యంత్రము త్రాగు నీరు కావలెను.